కుంటు, అంగ, దూకు (ట్రిపుల్ జంప్ సంగతులు)



పోయిన జోనల్ ఆటల పోటీల్లో ట్రిపుల్ జంప్‌కి మన బడి నుంచి ఒక్కడే పేరు ఇచ్చాడు. ఆ ఒక్కడినీ నేనే. లాంగ్ జంప్ బాగానే దూకుతావు గదా, ఇదీ దూకెయ్యి అన్నారు. సరే అన్నాను. మూడు ఛాన్సులు ఇచ్చారు. మొదటిసారి కాలు గీత దాటింది, ఫౌల్. రెండోసారి లాంగ్ జంప్ దూకినట్టే బలమంతా పెట్టి మొదటి గెంతు వేశాను. కాలు నేలకి ఆనగానే మోకాలు మడతపడి అక్కడే కూలబడ్డాను. మూడోసారి బాగా వచ్చింది అనుకున్నాను గానీ, ఇసుక ఇంకా మూరెడు దూరం ఉండగానే గట్టి నేల మీద మడమలు దిగాయి. తరువాత ఎనిమిది రోజులు ప్రేయర్‌కి కుంటుకుంటూ వచ్చాను. "ట్రిపుల్ జంప్ ఇంకా అవ్వలేదా?" అని మీరందరూ ఏడిపించారు. ఎవరెవరు అన్నారో నాకు గుర్తుంది.

ఆ ఎనిమిది రోజులూ ఊరికే కూర్చోకుండా పి.ఇ.టి. మాస్టారిని అడిగీ, పుస్తకాలు తిరగేసీ తెలుసుకున్నది ఇక్కడ వ్రాస్తున్నాను. నేను పదో తరగతి, ఈ ఏడాదితో వెళ్ళిపోతాను. వచ్చే ఏడు ఎవరో ఒకరు వెళ్ళాలి కదా. వాళ్ళు నాలాగా తెలియకుండా వెళ్ళకూడదు.

ముందుగా ఆట ఏమిటో చూద్దాం. పేరులోనే ఉంది, మూడు దూకుళ్ళు. పరుగెత్తుకొచ్చి బోర్డు మీద ఏ కాలితో లేచామో మళ్ళీ అదే కాలి మీద దిగాలి. ఇది హాప్, అంటే మన తొక్కుడుబిళ్ళలో కుంటినట్టు. రెండోది స్టెప్, అంటే పెద్ద అంగ. ఇక్కడ రెండో కాలి మీద దిగాలి. ఆ రెండో కాలితోనే లేచి ఇసుకలోకి దూకేది మూడోది. ఎడమ, ఎడమ, కుడి, ఇసుక. లేదా కుడి, కుడి, ఎడమ, ఇసుక. ఈ వరస తప్పితే ఎంత దూరం దూకినా లెక్కలోకి రాదు. పూర్వం ఇంకో నియమం ఉండేది. గాలిలో ఉన్న కాలు పొరపాటున నేలకి రాసుకున్నా ఫౌలే. ఇప్పుడు ఆ నియమం లేదు, రాసుకున్నా పరవాలేదు. ఇది తెలియక ఇప్పటికీ కొన్నిచోట్ల జెండా ఎత్తేస్తున్నారట.

పెద్ద పోటీల్లో పరుగు దారి కనీసం 40 మీటర్లు ఉంటుంది. బోర్డు వెడల్పు 20 సెంటీమీటర్లు. మగవాళ్ళకి బోర్డు గీత నుంచి ఇసుక గుంట కనీసం 13 మీటర్ల దూరంలో ఉండాలి. ఆడవాళ్ళకి 11 మీటర్లు. 13 మీటర్లంటే ఎంతో తెలుసా? మగవాళ్ళ కబడ్డీ కోర్టు పొడవు అది. అంత దూరం దాటితేనే చివరి దూకు ఇసుకలో పడుతుంది. ఫైనల్లో అందరికీ మూడేసి ఛాన్సులు, అందులో ముందున్నవాళ్ళకి ఇంకా కొన్ని. వెనక నుంచి గాలి సెకనుకు 2 మీటర్ల కన్న ఎక్కువ వేగంతో వీస్తే దూకుడు చెల్లుతుంది గానీ రికార్డు కింద వ్రాసుకోరు.

ఇది కొత్త ఆట కాదు. 1896లో ఏథెన్స్‌లో ఆధునిక ఒలింపిక్స్ మొదలైనప్పుడు మొట్టమొదటి విజేత అయినవాడు ట్రిపుల్ జంప్‌లోనే అయ్యాడు. అమెరికాకు చెందిన జేమ్స్ కొనొలీ, 13.71 మీటర్లు. అప్పటి పద్ధతి వేరు, ఆయన రెండుసార్లు ఒకే కాలితో కుంటి తరువాత దూకాడు. ఆసియా వాళ్ళకి పనికిరాని ఆట అని కూడా అనుకోవద్దు. 1928, 1932, 1936 మూడు ఒలింపిక్స్‌లోనూ వరసగా జపాను వాళ్ళే గెలిచారు.

ఇక అసలు సంగతి. 1995 ఆగస్టు 7న స్వీడన్ దేశంలో గోతెన్‌బర్గ్ అనే ఊళ్ళో ప్రపంచ అథ్లెటిక్స్ పోటీలు జరుగుతున్నాయి. ఇంగ్లండుకు చెందిన జొనాథన్ ఎడ్వర్డ్స్ మొదటి ఛాన్సులోనే 18.16 మీటర్లు దూకాడు. అంతవరకూ లెక్కకు వచ్చే దూకుడుతో 18 మీటర్లు దాటిన మనిషి ప్రపంచంలో లేడు. కాసేపటికి రెండో ఛాన్సులో 18.29 దూకాడు. అడుగుల్లో చెప్పాలంటే సరిగ్గా 60 అడుగుల పైన ఒక పిసరు. ముప్ఫై ఏళ్ళలో ఎందరో వచ్చారు, ఎవ్వరూ దాన్ని దాటలేదు. అమెరికా ఆటగాడు క్రిస్టియన్ టేలర్ 2015లో బీజింగ్‌లో 18.21 దాకా వచ్చి ఆగిపోయాడు.

మన వాలీబాల్ కోర్టు పొడవు 18 మీటర్లు. సర్వీసు గీత దగ్గర నించుని అవతలి సర్వీసు గీత వైపు చూడండి. మధ్యలో రెండే రెండుసార్లు కాలు ఆనించి ఆ గీత దాటి అవతల పడ్డాడు ఎడ్వర్డ్స్. ఈ మాట చదివి నిన్న సాయంత్రం నేను ఒక్కడినే వెళ్ళి అక్కడ నించుని చూశాను. నమ్మబుద్ధి కాలేదు.

ఆయనేమీ భీముడు కాడు. బరువు సుమారు 70 కిలోలు, సన్నటి మనిషి. మరి ఎలా దూకాడు? ఆయన దూకుడిని మూడు ముక్కలుగా కొలిచారు: కుంటు 6.05, అంగ 5.22, దూకు 7.02 మీటర్లు. మొత్తం 18.29. మొదటి గెంతు కన్న చివరి గెంతు దాదాపు ఒక మీటరు ఎక్కువ! రెండు దెబ్బలు తిన్నాక కూడా ఇంకా అంత వేగం మిగుల్చుకున్నాడన్న మాట. నేను చేసింది సరిగ్గా దీనికి తిరకాసు. మొదటి గెంతులోనే ఉన్నదంతా ఖర్చుపెట్టేసి, అంగకి, దూకుకి అప్పు మిగిల్చాను.

రంపచోడవరం, మారేడుమిల్లి, బుట్టాయగూడెం వైపు నుంచి వచ్చినవాళ్ళకి వాగు దాటడం ఒకరు నేర్పక్కర్లేదు. నీళ్ళలో బండ మీద నుంచి బండ మీదకి గెంతుతూ పోతాం. మొదటి బండ మీదకి ఎగిరి ధడేలున పడితే ఏమవుతుంది? అక్కడే తూలుతాం, రెండో బండ అందదు. తేలిగ్గా, కిందగా, ఆగకుండా పోతేనే అవతలి ఒడ్డు. గోదావరి రేవులో పల్చటి బిళ్ళ రాయి విసరడం కూడా ఇంతే. నీళ్ళకి వాలుగా విసిరితే నాలుగైదు గెంతులు వేస్తూ పోతుంది. పైకి విసిరామా, బుడుంగున మునుగుతుంది. ఎడ్వర్డ్స్ దూకుడు ఆ బిళ్ళ రాయి లాంటిది. పైకి లేవడు, ముందుకు పోతాడు.

పైకి ఎగిరితే ఇంకో నష్టం కూడా ఉంది. ఎంత ఎత్తు నుంచి దిగితే కాలికి అంత దెబ్బ. పెద్ద ఆటగాళ్ళకి కుంటు నుంచి దిగే క్షణంలో ఒక్క కాలి మీద ఒంటి బరువుకి పది రెట్ల పైన భారం పడుతుందని కొలిచారు. 70 కిలోల మనిషి అనుకుంటే 75 కిలోల ధాన్యం బస్తాలు తొమ్మిది దాటి, రెప్పపాటు కాలం, ఒక్క కాలి మీద! నా మోకాలు మడతపడిందంటే ఆశ్చర్యమేముంది. అందుకే మునివేళ్ళ మీద గానీ, మడమ మీద గానీ దిగకుండా పాదం మొత్తం ఆనేట్టు, నేలని వెనక్కి గీరినట్టు దిగాలని మాస్టారు చెప్పారు. ఇంకో కిటుకు కూడా చెప్పారు. కళ్ళు మూసుకుని వినమన్నారు. బాగా దూకేవాడి పాదాల చప్పుడు డోలు దరువులాగా సమానంగా వినిపిస్తుందట. కొత్తవాడిది ధన్... టక్-ధబ్ అని వినిపిస్తుంది, మధ్య అంగ కురచైపోయి. పండగకి డోలు కొట్టే ఇంట్లో పుట్టినవాళ్ళు మనలో చాలామంది ఉన్నారు గనక ఇది మనకే ముందు పట్టుబడాలి.

మన దేశం సంగతికి వస్తే, అదే ఆగస్టు 7న, 2022లో ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో కామన్‌వెల్త్ క్రీడల ఫైనల్ జరిగింది. కేరళకు చెందిన ఎల్దోస్ పాల్ మూడో ఛాన్సులో 17.03 మీటర్లు దూకి బంగారు పతకం గెలిచాడు. ఈ క్రీడల్లో ట్రిపుల్ జంప్ బంగారం మన దేశానికి రావడం అదే మొదలు. వెండి పతకం అబ్దుల్లా అబూబకర్‌ది. ఆయనదీ కేరళే, 17.02. తేడా ఒక్క సెంటీమీటరు, మన చిటికెన వేలి గోరంత. కంచు బెర్ముడా ఆటగాడికి 16.92తో పోయింది. తమిళనాడుకు చెందిన ప్రవీణ్ చిత్రవేల్ 16.89 దూకి మూడు సెంటీమీటర్ల తేడాతో నాలుగో స్థానంలో మిగిలిపోయాడు. నాకైతే ఆ నాలుగో ఆయన మీదే ధ్యాస పోయింది. ఆయన ఊరుకోలేదు. 2023 మే నెలలో క్యూబాలోని హవానాలో 17.37 దూకి జాతీయ రికార్డు పెట్టాడు, అదే ఏడాది హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో కంచు తెచ్చాడు. 2024 పారిస్ ఒలింపిక్స్‌కి ఆయన, అబ్దుల్లా ఇద్దరూ వెళ్ళారు గానీ ఫైనల్ దాకా రాలేదు. అక్కడ స్పెయిన్ ఆటగాడు జోర్డాన్ దియాజ్ 17.86తో గెలిచాడు, రెండోవాడు 17.84. అక్కడా తేడా రెండే సెంటీమీటర్లు. పంజాబుకు చెందిన మొహిందర్ సింగ్ గిల్ 1970లోనూ, అర్పిందర్ సింగ్ 2018లోనూ ఆసియా క్రీడల బంగారం గెలిచారు.

వీళ్ళందరికన్న ముందు ఒకాయన ఉన్నాడు, హెన్రీ రెబెలో. 1948 లండన్ ఒలింపిక్స్‌కి వెళ్ళేనాటికి ఆయనకి 19 ఏళ్ళు. అంతకు ముందే మన దేశంలో 50 అడుగులు దాటి దూకాడు, అంటే 15.24 మీటర్ల పైన. ఆ ఒలింపిక్స్‌లో బంగారం 15.40కి వచ్చింది, కంచు 15.02కి. లెక్క మీరే చూసుకోండి. ఉదయం క్వాలిఫై అయ్యి ఫైనల్‌కి వచ్చాడు. ఆయన వంతు వచ్చేసరికి వేరే పోటీ పతకాలు ఇస్తున్నారని కాసేపు ఆగమన్నారు. ఆ చలిలో నిలబడి నిలబడి ఒళ్ళు బిగుసుకుపోయింది. వెళ్ళమనగానే మళ్ళీ ఒళ్ళు వేడి చేసుకోకుండానే పూర్తి వేగంతో పరుగు తీశాడు. తొడ వెనక కండరం తెగింది. ఆయన ఒలింపిక్స్ అక్కడితో సరి. తరువాత వైమానిక దళంలో పెద్ద ఉద్యోగం చేశాడట. కానీ ఆ ఒక్క పరుగు తిరిగి రాదు కదా.

నా సంగతి ఆయనతో పోల్చుకోవడం ఎక్కువే. కానీ ఆ రోజు నేనూ చెట్టు కింద గంటన్నర కూర్చుని, పేరు పిలవగానే లేచి వెళ్ళి దూకాను. ఒళ్ళు వేడి చేసుకోవాలని ఎవరూ చెప్పలేదు, నాకూ తోచలేదు.

మడమ దెబ్బకి కారణం కూడా ఇప్పుడు తెలిసింది. అక్కడ బోర్డు ఇసుకకి 11 మీటర్ల దూరంలో ఉంది. నా బలం 10, మహా అయితే పదిన్నర. ఎంత బాగా దూకినా నేల మీద పడాల్సిందే! నేర్చుకునేవాళ్ళకి బోర్డు 7 మీటర్లకి, కాస్త వచ్చినవాళ్ళకి 9 మీటర్లకి పెట్టాలని మాస్టారు అంటున్నారు. దానికి చెక్క బోర్డే అక్కర్లేదు. ముగ్గుపిండితో 20 సెంటీమీటర్ల వెడల్పు పట్టీ గీసుకుంటే చాలు.

నేను పైన వ్రాసిన పేర్లలో తెలుగు పేరు ఒక్కటీ లేదు, చూశారా. పరుగులో అలా కాదు. మన ఏజెన్సీ అమ్మాయి కుంజా రజిత 2021లో నైరోబీలో జరిగిన ప్రపంచ అండర్-20 పోటీల్లో మన దేశం తరఫున 4×400 రిలే పరుగెత్తింది. పరుగులో అంత దూరం వెళ్ళినవాళ్ళం మనం. దూకుడికైతే ఇసుక గుంట దగ్గరే ఆగిపోతున్నాం.

వార్డెన్ గారికి విన్నపం. మన లాంగ్ జంప్ గుంటలో ఇసుక రాయిలాగా గట్టిపడిపోయింది, ఒక మూల గడ్డి కూడా మొలిచింది. ఆదివారం మధ్యాహ్నం భోజనాల తరువాత తొమ్మిదో తరగతి వాళ్ళూ, మేమూ కలిసి తవ్వి గుల్ల చేస్తాం. స్టోరు రూములో ఉన్న రెండు పారలు, ఒక పలుగు ఇప్పించాలి. టేపు పి.ఇ.టి. మాస్టారు ఇస్తానన్నారు. 7 మీటర్లకి ఒక పట్టీ, 9 మీటర్లకి ఒక పట్టీ గీస్తాం. సోమవారం నుంచి సాయంత్రం ఆటల గంటలో, ముందు రెండు చుట్లు పరుగెత్తి ఒళ్ళు వేడెక్కాకే దూకుడు. నన్ను ఏడిపించినవాళ్ళు ముందు వరసలో నిలబడాలి.