పందిట్లో మైకు మూగబోయిందా? దుమ్ము చూడండి!

(మా గ్రామీణ విలేఖరి)

తలంబ్రాల వేళ పందిట్లో పాట ఆగిపోతే పెళ్ళివారు ముందు కరెంటును, ఆ తరువాత మైకుసెట్టు అబ్బాయిని తిట్టుకుంటారు. పది నిమిషాలకు పాట దానంతటదే వస్తే అందరూ ఆ సంగతి మరచిపోతారు. చాలాసార్లు అది యాంప్లిఫయరు ఇచ్చే హెచ్చరిక. లోపల వేడి మితిమీరితే యంత్రం తనను తాను కాపాడుకోవడానికి శబ్దం ఆపివేస్తుంది. చల్లారాక మళ్ళీ పలుకుతుంది. ఈ రక్షణ లేని సెట్టయితే ట్రాన్సిస్టర్లు కాలిపోతాయి. వీటిలో విరివిగా వాడే సి5200 రకం ట్రాన్సిస్టరు లోపలి వేడి 150 డిగ్రీల సెల్సియస్ దాటరాదు.

జిడ్డు చేరేదిలా

ట్రాన్సిస్టర్ల వేడిని అల్యూమినియం రెక్కలు లాగుకుంటాయి. ఫ్యాను గాలి ఆ వేడిని బయటకు నెడుతుంది. గాలితోపాటు ఊరేగింపు దుమ్ము, కళ్ళంలోని నూగు, వంటల పొగ కూడా లోపలికి పోతాయి. నూనె పొగకు దుమ్ము అంటుకుని రెక్కల నడుమ దుప్పటిలా పేరుకుంటుంది. అప్పుడు ఫ్యాను ఎంత తిరిగినా ప్రయోజనం ఉండదు.

ముందు ప్రాణం, తరువాత యంత్రం

ప్లగ్గు పీకినంత మాత్రాన మూత తీయరాదు. లోపలి పెద్ద కెపాసిటర్లలో కరెంటు నిలవ ఉంటుంది. పెద్ద సెట్లలో ఇది ప్రాణాంతకం కావచ్చు. మీటరు పెట్టి వోల్టేజి లేదని చూసుకున్నాకే చేయి పెట్టాలి. మీటరు చూడడం రానివారు మెకానిక్కు చేత చేయించుకోవడమే మేలు.

శుభ్రం చేసే పద్ధతి

సెట్టును ఆరుబయట ఉంచి, పొడి పెయింటు బ్రష్షుతో రెక్కల దుమ్ము వదిలించి, బ్లోయరుతో ఊదాలి. ఊదేటప్పుడు ఫ్యాను తిరగకుండా పుల్లతో ఆపి పట్టాలి. లేకుంటే అది విపరీతమైన వేగంతో తిరిగి బేరింగు పాడవుతుంది. పంక్చరు షాపు కంప్రెసరు గాలిలో తేమ, నూనె తుంపరలు ఉండవచ్చు కనుక అది వాడకపోవడం మంచిది.

జిడ్డును ఐసోప్రొపైల్ ఆల్కహాలు అద్దిన గుడ్డతో తుడవాలి. అది త్వరగా అంటుకునే ద్రవం కనుక బీడీ, దీపం దగ్గర ఉండరాదు. పూర్తిగా ఆరాకే ప్లగ్గు పెట్టాలి. పెట్రోలు, కిరసనాయిలు, నీళ్ళు లోపల వాడరాదు. ట్రాన్సిస్టర్ల కింది తెల్లని పేస్టు మురికి కాదు, వేడిని రెక్కలకు చేరవేసేది అదే. దానిని తుడవరాదు.

గాలి వచ్చే చోట స్పాంజి జాలీ ఉంటే తీసి, సబ్బునీళ్ళతో ఉతికి, బాగా ఆరబెట్టి బిగించాలి. ఫ్యాను మార్చవలసి వస్తే అదే కొలత, అదే వోల్టేజి గలది తెచ్చి, గాలి దిక్కు చూపే బాణం గుర్తు పాతదాని మాదిరిగానే ఉండేట్లు బిగించాలి.

పెళ్ళిళ్ళ సీజనుకు ముందొకసారి, తరువాత ఒకసారి ఈ పని చేయిస్తే మైకుసెట్టువారికి రిపేరు ఖర్చు తగ్గుతుంది. బాడుగకు తెచ్చుకునేవారు కూడా సెట్టును నేలమీద గాక బల్లపై, పొయ్యికి దూరంగా పెట్టించాలి. ముందు వెనుకలు గాలి ఆడనివ్వాలి. ఎండకని, దుమ్ముకని నడుస్తున్న సెట్టుపై తువ్వాలు కప్పడం మానుకోవాలి.