వయోజనులలో ఆటిజం నిర్ధారణ

వయోజనులలో ఆటిజం నిర్ధారణ అనగా, బాల్యంలో ఆటిజం ఉన్నట్లు ఎవరూ గుర్తించని వ్యక్తికి పెద్దయిన తరువాత ఆ స్థితి ఉన్నదా లేదా అని నిర్ణయించే ప్రక్రియ. ఆటిజం మెదడు ఎదుగుదలకు సంబంధించిన స్థితి. అది జీవితపు తొలి దశలోనే మొదలవుతుంది, పెద్దయ్యాక కొత్తగా రాదు. ఆలస్యంగా వచ్చేది గుర్తింపు మాత్రమే. ఈ ప్రక్రియ చాలా సందర్భాలలో వైద్యుని గదిలో కంటే ముందుగా ఆ వ్యక్తి మనస్సులో ఒక సందేహంగా మొదలవుతుంది. తన బిడ్డకు ఆటిజం ఉన్నదని వైద్యులు చెప్పినప్పుడు ఆ లక్షణాల పట్టికలో తన చిన్నతనాన్నే చూసుకొన్న తండ్రి, పని బాగా చేస్తూ కూడా తోటివారితో పొసగక వరుసగా ఉద్యోగాలు మారిన వ్యక్తి, పదిమందిలో గడిపిన ప్రతి రోజు తరువాత రెండు రోజులు తలుపు వేసుకొని పడుకోవలసివచ్చే గృహిణి, ఇటువంటివారు "నా స్వభావమే ఇంతా, లేక దీనికొక పేరున్నదా" అని ఆలోచించడం కలదు. ఈ ప్రశ్నకు తప్పు సమాధానం ఏ వైపు వచ్చినా నష్టమే. ఉన్నదాన్ని లేదనుకొంటే మనిషి తన ఇబ్బందులన్నిటినీ తన తప్పులుగా లెక్క వేసుకొంటాడు. లేనిదాన్ని ఉన్నదనుకొంటే చికిత్సకు లొంగే మరొక సమస్య మరుగున పడిపోతుంది.

నేపథ్యం

ఇప్పుడు నలభై, యాభై ఏళ్ళున్నవారిలో ఈ సందేహం ఎందుకు ఎక్కువగా కనిపిస్తుందో తెలియాలంటే నిర్వచనం మారిన తీరు చూడాలి. గ్రీకు భాషలో 'తాను' అనే అర్థమిచ్చే మాట నుండి ఆటిజం అనే పదాన్ని స్విట్జర్లాండు వైద్యుడు యూజెన్ బ్లాయిలర్ 1910వ దశకపు ఆరంభంలో తయారుచేసాడు. ఆయన దాన్ని స్కిజోఫ్రీనియా రోగులు తమలో తాము ముడుచుకొనిపోవడాన్ని వర్ణించడానికి వాడాడు. సోవియట్ వైద్యురాలు గ్రున్యా సుఖరేవా 1925లోనే ఇటువంటి బాలురను గురించి వ్రాసినా అది చాలాకాలం మరుగున ఉండిపోయింది. 1943లో అమెరికాలో లియో కానర్ 11 మంది పిల్లలను, 1944లో వియన్నాలో హన్స్ ఆస్పర్గర్ కొందరు బాలురను వర్ణించారు. కానర్ చూసిన పిల్లలలో కొందరికి మాటలే రాలేదు. ఆస్పర్గర్ చూసినవారు పుస్తక భాషలో ధారాళంగా మాట్లాడేవారు, కాని తోటి పిల్లలతో కలవలేకపోయేవారు. (నాజీ పాలనలో పిల్లలను హతమార్చిన కార్యక్రమానికి ఆస్పర్గర్ సహకరించాడని 2018లో వెలువడిన చారిత్రక పరిశోధన చూపింది. ఆయన పేరును ఈ స్థితికి వాడడం తగ్గడానికి ఇదీ ఒక కారణం.)

లోకానికి తెలిసింది ముందు కానర్ వర్ణనే. అమెరికా మానసిక వైద్యుల సంఘం 1980లో వెలువరించిన వర్గీకరణ గ్రంథపు మూడవ కూర్పులో ఉన్న పేరు 'శైశవ ఆటిజం'. దాని ప్రకారం లక్షణాలు 30 నెలల వయస్సు లోపుననే మొదలవ్వాలి, ఇతరుల పట్ల స్పందన దాదాపు లేకుండా ఉండాలి. తరగతిలో మంచి మార్కులు తెచ్చుకొంటూ, విరామ సమయంలో గోడ పక్కన ఒంటరిగా నిలుచుండే పిల్లవాడు ఆ నిర్వచనంలోకి రాడు. 1981లో బ్రిటిష్ వైద్యురాలు లోర్నా వింగ్ ఆస్పర్గర్ పరిశీలనలను ఆంగ్ల పాఠకులకు పరిచయం చేస్తూ, ఈ రెండు వర్ణనలూ వేరువేరు జబ్బులు కావని, ఒకే విస్తృతిలోని భాగాలని వాదించింది. ఆమె కుమార్తెకు కూడా ఆటిజం ఉండేది. 1994 నాటి నాలుగవ కూర్పులో ఆస్పర్గర్ సిండ్రోమ్‌కు చోటు దొరికింది. 2013లో వచ్చిన ఐదవ కూర్పు ఆ పేరును తొలగించి, అన్నిటినీ కలిపి 'ఆటిజం స్పెక్ట్రమ్' అనే ఒకే నిర్ధారణ క్రిందకు తెచ్చింది. 2022 జనవరిలో అమలులోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ 11వ వర్గీకరణ కూడా ఈ దారినే నడిచింది. అంటే 1970లలో పుట్టిన వ్యక్తి బడికి వెళ్ళిన రోజులలో, ఆ వ్యక్తికి సరిపోయే పేరు వైద్యుల పుస్తకాలలోనే లేదు.

తెలుగు ఇళ్ళలో ఇటువంటివారికి వేరే పేర్లుండేవి: ముభావి, పుస్తకాల పురుగు, లోకజ్ఞానం లేనివాడు, తన లోకంలో తానుండే పిల్ల. ఈ మాటలు వర్తించే ప్రతివారికీ ఆటిజం ఉన్నదని అనుకోరాదు. అయితే ఆటిజం ఉండి, ఈ మాటల వెనుకనే జీవితం గడిపినవారూ ఉంటారు.

నిర్ధారణకు కావలసిన లక్షణాలు

స్పెక్ట్రమ్ అంటే వర్ణపటం. ఈ మాటను విని, ఒక చివర 'కొంచెం ఆటిజం', మరొక చివర 'చాలా ఆటిజం' ఉండే కొలబద్దను ఊహించుకోవడం పరిపాటి. "అందరిలోనూ ఎంతో కొంత ఆటిజం ఉంటుంది" అనే మాట ఇందులోనుండే పుట్టింది. ఇది సరి కాదు. విడివిడి లక్షణాలు అందరిలోనూ ఉండవచ్చును, నిర్ధారణకు మాత్రం అవి ఒక గుంపుగా కలిసి ఉండాలి.

ఐదవ కూర్పు ప్రకారం ఆ గుంపులో రెండు భాగాలు కలవు. మొదటిది సామాజిక సంబంధాలకు చెందినది. ఇందులో మూడు రకాల ఇబ్బందులూ ఉండితీరాలి: సంభాషణలో ఇచ్చిపుచ్చుకోవడం, చూపు, ముఖకవళికలు, సైగల వంటి మాటలు లేని భాష, స్నేహాలను ఏర్పరచుకొని నిలుపుకోవడం. ఒక ఉదాహరణ: "భోజనం అయిందా?" అన్నది మన వాడుకలో చాలావరకు పలకరింపు. దాన్ని సమాచారం కోసం అడిగిన ప్రశ్నగా తీసుకొని, ఏమి తిన్నదీ ఎన్ని గంటలకు తిన్నదీ వివరించేవారున్నారు. "ఎప్పుడైనా మా ఇంటికి రండి" అంటే మర్యాద మాటో, నిజమైన పిలుపో తేల్చుకోలేక సతమతమయ్యేవారున్నారు. ఒకసారి జరిగితే అది పొరపాటు. ఇల్లు, బడి, కొలువు అన్ని చోట్లా, చిన్ననాటినుండీ జరుగుతూ ఉంటే అది పరిశీలించవలసిన విషయం.

రెండవ భాగంలో నాలుగు అంశాలుండగా కనీసం రెండు ఉండాలి. అవి పునరావృతమయ్యే కదలికలు లేదా మాటలు, మార్పును సహించలేనంతగా దినచర్యను పట్టుకొని ఉండడం, అసాధారణమైన తీవ్రతతో ఒకే విషయంపై ఆసక్తి, ఇంద్రియానుభవాలలో హెచ్చుతగ్గులు. ఈ చివరి అంశం 2013 కూర్పులో కొత్తగా చేరింది. ప్రెషర్ కుక్కర్ ఈల, మిక్సీ మోత, చొక్కా కాలరు వెనుక కుట్టిన చీటీ, వేళ్ళకు అంటుకొనే పెరుగన్నం కొందరికి చిరాకు స్థాయిని దాటి భరించరాని బాధగా ఉంటాయి. దీనికి భిన్నంగా ఎండను, చలిని, గాయాన్ని దాదాపు పట్టించుకోనివారూ ఉంటారు.

వీటికి తోడు మరి రెండు షరతులున్నాయి. ఈ లక్షణాలు బాల్యంలోనే మొదలై ఉండాలి, జీవితంలో చెప్పుకోదగినంత ఇబ్బంది కలిగించాలి. మొదటి షరతుకు ఒక వెసులుబాటు ఉన్నది. చుట్టూ ఉన్న సమాజం పెట్టే భారం వ్యక్తి శక్తిని మించేదాకా లక్షణాలు పూర్తిగా బయటపడకపోవచ్చునని ఆ గ్రంథమే అంగీకరిస్తుంది. అమ్మ చేతి వంట, ఒకే వీధి, ఒకే బడి ఉన్నంతకాలం నెట్టుకొచ్చిన పిల్లవాడు హాస్టలుకు వెళ్ళగానే కుప్పకూలడం ఇందుకు ఉదాహరణ. వివాహం, పదోన్నతి, ప్రసవం కూడా ఇటువంటి మలుపులే.

బాల్యపు సాక్ష్యం

వయోజనుల విషయంలో అన్నిటికంటే కష్టమైన పని ఇదే. వైద్యుడు వీలుంటే తల్లితోనో, పెద్ద తోబుట్టువులతోనో మాట్లాడతాడు. మాటలు ఎప్పుడు వచ్చాయి, వేలు చూపి "అదిగో" అని చూపించేవాడా, ఇతర పిల్లలతో కలిసి 'ఉత్తుత్తి' ఆటలు ఆడేవాడా, చోటు మారితే ఏమి చేసేవాడు వంటి ప్రశ్నలు అడుగుతాడు. జ్ఞాపకానికి దాని లోపాలు దానికున్నాయి. నలుగురు బిడ్డలను పెంచిన తల్లి ఎవరు ఎప్పుడు నడిచారో కలగలిపి చెప్పవచ్చును. తన బిడ్డలో లోపమున్నదని అంటారేమో అనే భయంతో "అన్నీ సవ్యంగానే ఉండేవి" అని తేల్చివేయవచ్చును. సందేహంతో వచ్చిన వ్యక్తి కూడా, చదివిన లక్షణాలకు సరిపోయే సంఘటనలనే ఏరి తెచ్చుకొనే అవకాశం ఉన్నది. అందుచేత పాఠశాల ప్రగతి పత్రాలు, పాత ఉత్తరాలు, ఇంట్లో తీసిన వీడియోలు ఉంటే ఉపయోగపడతాయి.

పరిశీలకుడు సంస్కృతిని కూడా లెక్కలోకి తీసుకోవాలి. పెద్దల కళ్ళలోకి సూటిగా చూడకపోవడం అనేక తెలుగు కుటుంబాలలో నేర్పిన వినయం. కనుక తండ్రి ముందు తల వంచుకొనేవాడా అన్న ప్రశ్న కంటే, ఈడు పిల్లలతో ఎలా ఉండేవాడన్న ప్రశ్నే పనికివస్తుంది.

కప్పిపుచ్చడం

ఆటిజం ఉన్న కొందరు ఇతరులను గమనించి, వారి మాటతీరును, నవ్వును, చూపు నిలిపే వ్యవధిని పాఠంలా నేర్చుకొంటారు. పెళ్ళికి వెళ్ళేముందు ఎవరిని ఏమని పలకరించాలో లోలోపల వల్లె వేసుకొంటారు. దీన్ని పరిశోధకులు కప్పిపుచ్చడం, లేదా ముసుగు వేసుకోవడం అంటారు. బయటివారికి ఏ తేడా కనబడదు, ఇంటికి చేరాక ఆ వ్యక్తికి మాట పలకడానికి కూడా ఓపిక ఉండదు. ఇది స్త్రీలలో ఎక్కువగా కనబడుతుందని అనేక పరిశోధనలు తెలిపాయి. నిర్ధారణ అయినవారిలో స్త్రీ ఒక్కరికి పురుషులు నలుగురని చాలాకాలం చెప్పేవారు. 2017లో అనేక అధ్యయనాలను కలిపి చూసిన ఒక సమీక్ష అసలు నిష్పత్తి మూడుకు దగ్గరగా ఉంటుందని, అర్హత ఉన్న బాలికలు నిర్ధారణకు నోచుకోవడం లేదని తేల్చింది. అణకువగా, మౌనంగా ఉండే ఆడపిల్లను మెచ్చుకొనే సమాజంలో ఆ మౌనానికి కారణం వెదికేవారు తక్కువ.

ప్రశ్నావళులు

సందేహం కలిగినవారు ముందుగా చేసేది ఏదో ఒక ప్రశ్నావళిని పూర్తిచేయడం. వీటిలో ప్రసిద్ధమైనది కేంబ్రిడ్జిలో సైమన్ బారన్-కోహెన్ బృందం 2001లో ప్రచురించిన 'ఆటిజం స్పెక్ట్రమ్ కోషెంట్'. ఇందులో 50 ప్రశ్నలుంటాయి. ఆ అధ్యయనంలో ఆటిజం ఉన్న వయోజనులలో 80 శాతం మందికి 32 లేదా అంతకంటే ఎక్కువ మార్కులు వచ్చాయి, సామాన్యులలో 2 శాతం మందికే వచ్చాయి. ఇది చూసి, తనకు 34 వచ్చింది కనుక తనకు ఆటిజం దాదాపు ఖాయమని అనుకోవడం సహజం. కాని లెక్క వేరుగా ఉంటుంది.

వెయ్యిమంది ఈ పరీక్ష వ్రాసారనుకొందాం. సుమారు నూటికి ఒకరికి ఆటిజం ఉంటుందని అనుకొంటే వారిలో పదిమందికి ఉంటుంది. ఆ పదిమందిలో ఎనిమిదిమంది 32 దాటుతారు. మిగిలిన 990 మందిలో 2 శాతం, అంటే దాదాపు 20 మంది కూడా దాటుతారు. మొత్తం దాటినవారు 28 మంది, అందులో నిజంగా ఆటిజం ఉన్నవారు 8 మంది. దారిన పోయేవారికి కాక, చిరకాలపు ఇబ్బందులతో వచ్చినవారికే ఈ పరీక్ష పెడితే పాళ్ళు మారతాయి. అక్కడ మరొక చిక్కు ఉన్నది. ఆందోళన, దిగులు ఉన్నవారికి కూడా మార్కులు పెరుగుతాయి. తన ఇబ్బంది తనకే తెలియనివారికి, ముసుగు అలవాటైనవారికి తగ్గుతాయి. ఇంగ్లండులో నిర్ధారణ కేంద్రాలకు వచ్చిన వయోజనులపై 2016లో వెలువడిన పరిశోధన, ఈ మార్కులను బట్టి చివరి నిర్ధారణను ఊహించలేమని తెలిపింది. కనుక ఎక్కువ మార్కులు వస్తే నిపుణుని కలవడానికి అది తగిన కారణం. తక్కువ వచ్చాయని సందేహాన్ని వదులుకోనక్కరలేదు.

నిపుణులు చేసే పరీక్ష

ఆటిజాన్ని నిర్ధారించే రక్త పరీక్ష గాని, మెదడు స్కానింగు గాని లేదు. మానసిక వైద్యుడు లేదా క్లినికల్ సైకాలజిస్టు సుదీర్ఘంగా మాట్లాడి, ప్రవర్తనను గమనించి నిర్ణయిస్తారు. ఇతర కారణాలను వేరుచేయడం ఇందులో సగం పని. సామాజిక భయం ఉన్న వ్యక్తికి ఎదుటివారి సంకేతాలు అర్థమవుతాయి, తనను ఏమనుకొంటారో అన్న బెదురే అతన్ని ఆపుతుంది. చాదస్తపు రుగ్మతలో (ఓసీడీ) పదేపదే చేసే పనులు మనిషిని బాధిస్తాయి. ఆటిజంలో అటువంటి పనులు చాలావరకు ఊరటనిస్తాయి. ఏకాగ్రతా లోపం (ఏడీహెచ్‌డీ) ఉన్నవారు సంభాషణలో అడ్డు తగలడానికి కారణం తొందరపాటు. అయితే ఇవి కాగితం మీద ఉన్నంత విడివిడిగా మనుషులలో ఉండవు. ఒకే వ్యక్తిలో రెండు మూడు కలిసి ఉండడం తరచుగా జరుగుతుంది. ఆటిజం, ఏకాగ్రతా లోపం రెండింటినీ ఒకరికే నిర్ధారించడానికి 1994 కూర్పు ఒప్పుకొనేది కాదు, 2013 కూర్పు ఒప్పుకొన్నది.

కొందరు ప్రముఖులు

అమెరికా రచయిత జాన్ ఎల్డర్ రాబిసన్‌కు నలభై ఏళ్ళ వయస్సులో ఆస్పర్గర్ సిండ్రోమ్ ఉన్నదని తెలిసింది. ఆయన ఆత్మకథ 2007లో వెలువడింది. స్కాట్లాండు గాయని సూజన్ బాయిల్‌ను పుట్టుకలో మెదడు దెబ్బతిన్న పిల్లగా చిన్ననాటినుండీ పరిగణించేవారు. తనకు ఉన్నది ఆస్పర్గర్ సిండ్రోమ్ అని నిపుణులు తేల్చినట్లు ఆమె 2013లో వెల్లడించింది, అది తనకు ఊరట కలిగించిందని చెప్పింది. హాస్యనటుడు జెర్రీ సైన్‌ఫెల్డ్ అనుభవం వేరు. ఆయన 2014 నవంబరులో తాను స్పెక్ట్రమ్‌లో ఉన్నాననుకొంటున్నట్లు ఒక ఇంటర్వ్యూలో అన్నాడు. అదే నెలలో, తనకు ఆటిజం లేదని, ఒక నాటకం చూసి అందులోని పాత్రతో తనను పోల్చుకొన్నానని సవరించుకొన్నాడు. పోలిక కనబడడానికీ నిర్ధారణకూ ఎంత దూరమున్నదో ఈ ఉదంతం తెలుపుతుంది.

భారతదేశంలో

1995 నాటి వికలాంగుల చట్టంలో ఆటిజం లేదు. 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం దాన్ని పేర్కొన్నది. 2016లో ఆమోదం పొంది 2017 ఏప్రిల్‌లో అమలులోకి వచ్చిన వికలాంగుల హక్కుల చట్టం, గుర్తించిన 21 వైకల్యాలలో ఆటిజం స్పెక్ట్రమ్‌ను చేర్చింది. తీవ్రతను కొలవడానికి వాడే భారతీయ ఆటిజం కొలమానం (ఐసా) సికింద్రాబాదులోని జాతీయ మానసిక వికలాంగుల సంస్థలో రూపొందింది. ఈ సంస్థ ఇప్పటి పేరు జాతీయ మేధో వైకల్య వ్యక్తుల సాధికారతా సంస్థ. ఈ కొలమానంలో 40 అంశాలుంటాయి, ఒక్కొక్కదానికి 1 నుండి 5 వరకు మార్కులు వేస్తారు. మొత్తం 70 కంటే తక్కువైతే ఆటిజం లేనట్లు, 70 నుండి 106 వరకు స్వల్పం, 107 నుండి 153 వరకు మధ్యమం, ఆ పైన తీవ్రం అని లెక్క.

ఒంటరిగా ఆడుకోవడం, విన్న మాటలనే తిరిగి పలకడం వంటి అంశాలు ఇందులో ఉన్నందున, ధారాళంగా మాట్లాడుతూ ఉద్యోగం చేసుకొనే వయోజనునికి మార్కులు తక్కువ రావడానికి అవకాశం ఉన్నది. అందువలన వైద్యుడు ఆటిజం ఉన్నదని నిర్ధారించిన వ్యక్తికి కూడా ధ్రువపత్రం రాకపోవచ్చును. చట్ట ప్రకారం ప్రభుత్వ ఉద్యోగాలలో రిజర్వేషను పొందాలంటే వైకల్యం కనీసం 40 శాతం ఉన్నదని ధ్రువీకరణ కావాలి. వికలాంగులకు కేటాయించిన 4 శాతంలో ఒక శాతాన్ని ఆటిజం, మేధో వైకల్యం, నిర్దిష్ట అభ్యసన లోపాలు, మానసిక రుగ్మత, బహుళ వైకల్యం ఉన్నవారు కలిసి పంచుకోవాలి.