జ్ఞాపకార్థపు కానుక: కేన్సర్ బిడ్డకు దారి ఖర్చు



బిడ్డను పోగొట్టుకున్న ఇంట ఏడాదికొకసారి జ్ఞాపకార్థ కూడిక పెట్టుకోవడం మన సంఘాలలో వాడుక. ఆ దినాన ప్రార్థన, వాక్యము, భోజనము ఉంటాయి. తల్లిదండ్రులు స్తోమత కొద్దీ మందిరానికి ఒక ఫ్యానో, బల్లో, గడియారమో ఇచ్చి దానిమీద బిడ్డ పేరు రాయిస్తారు. అది మంచిదే. అయితే ఈమధ్య కేన్సర్‌తో బిడ్డను పోగొట్టుకున్న తల్లిదండ్రులు కొందరు మమ్మును ఇంకో మాట అడుగుతున్నారు: "సిస్టర్‌గారూ, మా బాబు పేరున ఇంకో బిడ్డ బతికేలా ఏమైనా చేయగలమా?" ఫిబ్రవరి 15 అంతర్జాతీయ బాలల కేన్సర్ దినం. ఆ సందర్భంగా ఈ ప్రశ్నకు జవాబు రాస్తున్నాము.

నయమయ్యే జబ్బే

పిల్లల కేన్సర్ అనగానే ఇక ఆశ లేదనుకుంటారు. అది నిజం కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ఏటా సుమారు 4 లక్షలమంది పిల్లలకు, 19 ఏళ్ళలోపు వారికి, కేన్సర్ వస్తున్నది. ధనిక దేశాలలో వీరిలో నూటికి 80 మందికి పైగా బాగవుతున్నారు. అనేక పేద దేశాలలో 30 మంది కూడా బాగవడం లేదు. జబ్బు ఒకటే, మందులు చాలావరకు అవే. ఆలస్యంగా గుర్తించడం, మందులు అందకపోవడం, వైద్యం మధ్యలో మానేయడం ఈ తేడాకు ముఖ్య కారణాలు. 2030 నాటికి ప్రపంచమంతటా కనీసం 60 మంది బతకాలని ఆ సంస్థ 2018లో ఒక కార్యక్రమం మొదలుపెట్టింది.

మన గోదావరి వారి పాత్ర

పిల్లలలో ఎక్కువగా కనిపించేది రక్త కేన్సర్, అంటే లుకేమియా. దీనికి వాడే మెథోట్రెక్సేట్ మాత్ర వెనుక మన భీమవరంలో 1895లో పుట్టిన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావుగారి కృషి ఉన్నది. ఆయన రాజమండ్రిలో, మద్రాసులో చదివారు. అన్నదమ్ములు ఇద్దరు స్ప్రూ అనే పేగుల జబ్బుతో పోయారు. 1923లో పైచదువుకు అమెరికా వెళ్ళడానికి కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ, మామగారు సాయం చేశారు. ఆయన బృందం తయారుచేసిన అమినోప్టెరిన్ అనే మందును బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ లుకేమియా పిల్లలకు ఇచ్చి చూశారు. 1948లో ప్రచురించిన ఫలితాలలో 16 మందిలో 10 మందికి కొంతకాలం గుణం కనిపించింది. అంతకుముందు ఆ జబ్బుకు మందే లేదు. సుబ్బారావుగారు అదే ఏడాది ఆగస్టులో కన్నుమూశారు. ధర్మసంస్థ ఆనాడు ఇచ్చినది ఒక విద్యార్థి ప్రయాణానికి సాయం. దారి ఖర్చుకు ఇచ్చిన డబ్బు చిన్నదని ఎవరూ అనుకోకూడదు.

ఒక చిన్నపాప చేసిన పని

అమెరికాలో అలెగ్జాండ్రా స్కాట్ అనే పాపకు ఏడాది నిండకముందే కేన్సర్ అని తేలింది. 2000లో, నాలుగేళ్ళ వయసులో, ఆ పాప ఇంటి ముందు బల్ల వేసి నిమ్మరసం అమ్మింది. తనలాంటి పిల్లల వైద్యానికని చెబితే 2,000 డాలర్లు వచ్చాయి. ఏటా అలాగే చేసింది. ఆమెను చూసి ఇతరులూ బల్లలు వేశారు. 2004 ఆగస్టులో, ఎనిమిదేళ్ళకే, ఆ పాప చనిపోయే నాటికి పది లక్షల డాలర్లు పోగయ్యాయి. ఆ పనిని తల్లిదండ్రులు ఆమె పేరుననే సంస్థగా కొనసాగిస్తున్నారు. మన తెలుగువారిలోనూ ఇటువంటి జ్ఞాపకార్థాలు ఉన్నాయి. ఎన్.టి.రామారావుగారి సతీమణి బసవతారకంగారి పేరున హైదరాబాదులో 2000లో తెరిచిన కేన్సర్ ఆసుపత్రికి విదేశాలలోని తెలుగువారు చేయూత ఇచ్చారు.

బిడ్డ ఎక్కడ ఆగిపోతున్నాడు

మాకు తెలిసిన ఒక బాబు సంగతి తల్లిదండ్రుల అనుమతితో రాస్తున్నాము. పేరు, ఊరు రాయడం లేదు. వారిది లంక గ్రామం, కూలి కుటుంబం. తగ్గని జ్వరంతో తీసుకువస్తే రక్తపరీక్ష చూసి పెద్దాసుపత్రికి పంపించాము. లుకేమియా అని తేలింది. వైద్యానికి ప్రభుత్వ పథకం ఉన్నది. మొదటి నెల కీమోకు జ్వరం పోయింది, ఒళ్ళు చేసింది. బాబు ఆడుకోసాగాడు. ఇంతలో దాళ్వా కోతలు వచ్చాయి. వెళ్ళిన ప్రతిసారీ ఇద్దరి కూలి పోతుంది, బస్సు, రైలు, తిండి, గది అన్నీ చేతి డబ్బే. బాగానే ఉన్నాడు కదా అని ఒకసారి ఆగారు, తరువాత ఇంకోసారి ఆగారు. జబ్బు తిరగబెట్టాక వచ్చారు. ఇక మందులు పనిచేయలేదు.

ఆ తల్లిదండ్రులను ఎవరూ నిందించవద్దు. లుకేమియా వైద్యం రెండు నుంచి మూడేళ్ళు సాగుతుంది. బిడ్డ బాగా కనిపించినా రక్తంలో జబ్బు కణాలు మిగిలే ఉంటాయి. ఆ సంగతి తెలిసినవారికి కూడా చేతిలో రైలు ఛార్జీ లేకపోతే చేయగలిగింది ఏమున్నది?

బాబు జ్ఞాపకార్థం సండేస్కూలు పిల్లలు డబ్బాలో చిల్లర వేశారు. స్త్రీల సమాజం వారు పిడికెడు బియ్యం పోగుచేసి అమ్మారు. పెద్దలు పాలరాతి పలక వేయిద్దామంటే ఆ తల్లి ఒప్పుకోలేదు. "రాయి ఎందుకండీ? ఇంకో పిల్లాడిని రైలెక్కించండి" అన్నది.

కానుక దేనికి వాడాలి

మా అనుభవంలో ఉపయోగపడేవి ఇవి:

1. బిడ్డకు, తోడు వెళ్ళే ఒకరికి ప్రతిసారీ రానుపోను ఛార్జీలు. మన జిల్లాలవారు విశాఖపట్నంలోని హోమీ భాభా కేన్సర్ ఆసుపత్రికి, హైదరాబాదులోని ఎం.ఎన్.జె. సంస్థకు, వేలూరు సి.ఎం.సి.కి వెళుతుంటారు.

2. బసకు, తిండికి సాయం. 2006లో ముంబయిలో మొదలైన సెయింట్ జూడ్ సంస్థ కేన్సర్ పిల్లల కుటుంబాలకు ఉచితంగా బస ఇస్తున్నది. హైదరాబాదులోనూ వారి కేంద్రాలు ఉన్నాయి. గుడ్లు, పాలు, పప్పు కొనిపెట్టినా మేలే.

3. ఒక థర్మామీటరు, అర్ధరాత్రి ఆటోకు డబ్బు. కీమో తీసుకుంటున్న బిడ్డకు 100.4 డిగ్రీల జ్వరం వస్తే తెల్లవారేదాకా ఆగకూడదు. వెంటనే ఆసుపత్రికి తేవాలి.

4. రక్తదానం. రూపాయి లేని యవ్వనస్థులు కూడా ఇవ్వగలిగిన కానుక ఇది.

డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ, అంటే 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ, కేన్సర్ వైద్యానికి వర్తిస్తుంది. కాబట్టి ముందు కార్డు చూపించి ఆ సాయం పొందండి. కానుకను మిగతా ఖర్చులకు దాచండి.

పోగుచేసేవారికి కొన్ని మాటలు

ముందు తల్లిదండ్రుల అనుమతి అడగండి. వారు వద్దంటే బిడ్డ ఫొటో కరపత్రంపై వేయకండి. ప్రతి రూపాయికీ రశీదు ఇవ్వండి. లెక్క ఇద్దరి చేతిలో ఉండాలి, సంఘంలో చదివి వినిపించాలి. సాయం పొందే కుటుంబం ఏ సంఘమని, ఏ మతమని చూడవద్దు. వారిని వేదిక ఎక్కించి కృతజ్ఞత చెప్పించవద్దు. విధవరాలు వేసిన రెండు కాసులను ప్రభువు ఎలా ఎంచాడో మనకు తెలుసు. కనుక చిన్న కానుక ఇచ్చేవారిని వెనక్కి పంపకండి.

గుర్తించవలసిన లక్షణాలు

రెండు వారాలు దాటినా తగ్గని జ్వరం, పాలిపోవడం, దెబ్బ తగలకుండా కమిలిన మచ్చలు, ఎముకల నొప్పి, మెడలోనో చంకలోనో గడ్డలు, కడుపులో గట్టి ఉబ్బు, ఉదయంపూట తలనొప్పితో వాంతులు, కంటిపాపలో తెల్లని మెరుపు. వీటిలో ఏది కనిపించినా పిల్లల డాక్టరుకు చూపించండి. అన్నీ కేన్సర్ కావు, కాని చూపించాలి. బిళ్ళగన్నేరు నుంచి కేన్సర్ మందు తీస్తారని విని ఆకు పసరు తాగించకండి. ఆ మొక్క విషం. మందును కొలత ప్రకారం శుద్ధిచేసి రక్తనాళంలోకి మాత్రమే ఎక్కిస్తారు.

వైద్యం మధ్యలో ఆపిన బిడ్డ మీ వీధిలో ఉంటే మాకు చెప్పండి. ఎంత ఆలస్యమైనదని మేము కోప్పడము. ఈ ఏడు జ్ఞాపకార్థ కూడిక పెట్టుకునే కుటుంబాలు మా వార్డుకు వచ్చి అడిగితే, తరువాతి కీమోకు వెళ్ళవలసిన బిడ్డకు ఏమి కావాలో చెబుతాము. బిడ్డలను పోగొట్టుకున్న ప్రతి తల్లిని, తండ్రిని దేవుడు ఆదరించును గాక.