ముందు గిరాకీ, తర్వాత పెట్టుబడి

కొత్తగా వ్యాపారం మొదలుపెట్టేవారికి రెండు రకాల మనుషులు కావాలి. ఒకరు సరుకు కొనేవారు, మరొకరు డబ్బు పెట్టేవారు. వీళ్లను వెతుక్కునే పని ఒకప్పుడు బజారులో, బంధువుల ఇళ్లలో, బ్యాంకుల్లో జరిగేది. ఇప్పుడు అందులో చాలా భాగం ఫోన్లోకి చేరింది. ఈ మార్పు స్పష్టంగా కనిపించే చోట్లలో తూర్పు హైదరాబాద్‌లోని దిల్‌సుఖ్‌నగర్, ఎల్‌బీ నగర్ ముఖ్యమైనవి. కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు, బట్టల దుకాణాలు, చిట్‌ఫండ్ ఆఫీసులు ఇక్కడ పక్కపక్కనే ఉంటాయి. విజయవాడ హైవే మీదుగా నల్లగొండ, సూర్యాపేట, కోస్తా జిల్లాల నుంచి వచ్చే బస్సులు నగరంలోకి చేరేది ఎల్‌బీ నగర్ మీదుగానే. చదువు కోసమో కోర్సు కోసమో వచ్చి ఇక్కడే స్థిరపడినవారు ఎందరో. ఊరివాళ్లు, హాస్టల్ రూమ్మేట్లు, కోచింగ్ బ్యాచ్‌వాళ్లు కలిసి వారి పరిచయాల బలగం అవుతారు. ఈ ప్రాంతంలో ఆన్‌లైన్ వ్యాపారం పుట్టింది ఆ బలగం మీదే.

పరిచయాలు ఫోన్లోకి వచ్చిన తీరు

లింక్డిన్ 2003లో, ఆర్కుట్, ఫేస్‌బుక్ 2004లో, వాట్సాప్ 2009లో వచ్చాయి. మొదట్లో ఇవి ఎక్కువగా పలకరింపులకు, పరిచయాలకే పరిమితం. చిన్న వ్యాపారుల చేతికి అసలైన పనిముట్లు తర్వాత అందాయి. 2016లో యూపీఐ వచ్చాక దూరాన ఉన్న మనిషి నుంచి కూడా డబ్బు క్షణాల్లో ఖాతాలో పడటం మొదలైంది. 2018 జనవరిలో విడుదలైన వాట్సాప్ బిజినెస్‌తో సరుకుల పట్టిక, ధరలు, పనివేళలు ఫోన్లోనే పెట్టుకునే వీలు కలిగింది. అదే ఏడాది సెప్టెంబరు 24న అమీర్‌పేట – ఎల్‌బీ నగర్ మెట్రో మొదలై, ఈ ప్రాంతానికి నగరంలోని మిగతా భాగాలు దగ్గరయ్యాయి.

ఈ పనిముట్లతో వచ్చిన పెద్ద మార్పు రీసెల్లింగ్. ఇంట్లో ఉండే మహిళ సరుకు నిల్వ పెట్టుకోకుండా, హోల్‌సేల్ దుకాణం పంపిన ఫొటోలను తన గ్రూపులో పెట్టి, కొంత లాభం కలుపుకుని అమ్ముతుంది. 2015లో మొదలైన మీషో యాప్ ఈ పద్ధతి మీదే ఎదిగింది. 2019లో ఫేస్‌బుక్ అందులో పెట్టుబడి పెట్టింది. భారతీయ స్టార్టప్‌లో ఆ సంస్థ పెట్టిన తొలి పెట్టుబడి అదే.

చీర లైవ్‌లో అమ్ముడయ్యే తీరు

చీరల దుకాణంలో కౌంటరు ముందు రింగ్ లైటు, స్టాండు మీద ఫోను ఉంటాయి. అమ్మే అమ్మాయి చీర విప్పి పల్లూ, బార్డరు, బ్లౌజు ముక్క చూపించి కోడ్ నంబరు, ధర చెబుతుంది. చూస్తున్నవారు స్క్రీన్‌షాట్ తీసి వాట్సాప్ చేస్తారు. దుకాణంవారు సరుకు ఉందో లేదో చెప్పి క్యూఆర్ కోడ్ పంపుతారు. డబ్బు పడ్డాకే పార్సిల్ కడతారు. చాలాచోట్ల క్యాష్ ఆన్ డెలివరీ ఉండదు. పార్సిల్ విప్పేటప్పుడు తీసిన వీడియో ఉంటేనే డ్యామేజీకి చీర మార్చి ఇస్తారు.

ఈ నియమాలన్నీ ముఖం చూడని ఇద్దరి మధ్య నమ్మకం నిలబెట్టడానికి పుట్టినవే. అన్నట్టుగానే రంగు ఉండటం, చెప్పిన రోజుకు పార్సిల్ చేరడం, తప్పు జరిగితే డబ్బు వెనక్కి ఇవ్వడం జరిగితే ఆ కస్టమరే మరో పదిమందిని గ్రూపులో చేరుస్తుంది. ఇంతకు మించిన ప్రచారం చిన్న వ్యాపారానికి లేదు. వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్‌లో కూడా ఈ సూత్రమే ఉంది. వ్యాపారి నంబరును ఫోన్లో సేవ్ చేసుకున్నవారికే ఆ సందేశం చేరుతుంది. ఎక్కడినుంచో కొన్న వేల నంబర్ల జాబితా అక్కడ పనికిరాదు.

ప్రకటనకు లెక్క

డబ్బిచ్చి వేసే ప్రకటనకు లెక్క తప్పనిసరి. ఉదాహరణకు 500 రూపాయల ఇన్‌స్టాగ్రామ్ ప్రకటనతో 50 మంది వివరాలు అడిగి, వారిలో 5 మంది కొన్నారనుకుందాం. ఒక్కో కస్టమర్‌ను తెచ్చుకోవడానికి 100 రూపాయలు ఖర్చయింది. చీర మీద మిగిలేది 80 రూపాయలే అయితే మొదటి అమ్మకం నష్టమే. ఆ కస్టమర్ రెండోసారి, మూడోసారి కొంటేనే ప్రకటన గిట్టుబాటవుతుంది. అందుకే లైకులు, ఫాలోయర్ల కంటే తిరిగి వచ్చే గిరాకీని లెక్కపెట్టాలి. డబ్బు తీసుకుని లేదా ఉచితంగా సరుకు తీసుకుని వస్తువును మెచ్చుకునే ఇన్‌ఫ్లుయెన్సర్లు ఆ సంగతి స్పష్టంగా చెప్పాలని వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 జనవరిలో మార్గదర్శకాలు ఇచ్చింది.

డబ్బు వచ్చే దారులు

మొదటి పెట్టుబడి పొదుపు నుంచి, ఇంటివారి నుంచి వస్తుంది. తెలుగువారికి ఆ తర్వాతి మెట్టు చిట్టీ. 20 మంది నెలకు 5 వేల చొప్పున వేస్తే లక్ష రూపాయల చిట్టీ. అవసరం ఉన్నవారు 20 వేలు తగ్గించి పాడితే చేతికి 80 వేలు వస్తాయి. ఆ 20 వేలలో నిర్వాహకుల కమిషన్ 5 వేలు పోగా మిగిలిన 15 వేలు అందరికీ పంచితే ఆ నెల వాయిదాలో తలా 750 రూపాయలు తగ్గుతుంది. హామీ ఇచ్చేవాళ్లు, పాడేవాళ్లు, కట్టేవాళ్లు ఒకరికొకరు తెలిసినవారే కాబట్టి ఇది ఇంటర్నెట్‌కు ముందే ఉన్న సోషల్ నెట్‌వర్క్. 1982 నాటి చిట్‌ఫండ్ల చట్టం ప్రకారం చిట్టీ నడపాలంటే ముందుగా అనుమతి తీసుకుని, రిజిస్టర్ చేయించాలి.

తర్వాతివి అప్పులు, రాయితీలు. 2015లో మొదలైన ముద్ర పథకంలో శిశు విభాగం కింద 50 వేల వరకు, కిశోర్ కింద 5 లక్షల వరకు, తరుణ్ కింద 10 లక్షల వరకు రుణం ఉంది. పచ్చళ్లు, పిండివంటలు, పొడులు చేసేవారి కోసం 2020లో వచ్చిన సూక్ష్మ ఆహార శుద్ధి పథకంలో ఖర్చులో 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల సబ్సిడీ పెట్టారు.

వాటా తీసుకుని డబ్బు పెట్టే ఏంజెల్ ఇన్వెస్టర్లది వేరే దారి. కోటి రూపాయలకు 20 శాతం వాటా ఇస్తే, ఆ డబ్బుతో కలిపి సంస్థ విలువ 5 కోట్లని ఒప్పుకున్నట్టు. ఇన్వెస్టర్‌కు వడ్డీ రాదు, సంస్థ చాలా రెట్లు పెరిగితేనే లాభం. అందుకని ఒక చీరల దుకాణానికి చిట్టీ, బ్యాంకు రుణం సరిపోతాయి. వందల చీరల దుకాణాల ఆర్డర్లు, స్టాకు, పార్సిళ్ల లెక్క చూసే సాఫ్ట్‌వేర్ అయితే ఇన్వెస్టర్లకు నచ్చవచ్చు. ఈ తేడా తెలియకపోతే నెలల కాలం వృథా అవుతుంది.

ఇన్వెస్టర్లకు నచ్చే అలాంటి ఆలోచనలకు 2015 నవంబరులో గచ్చిబౌలిలో మొదలైన స్టార్టప్ కేంద్రం టీ-హబ్ తోడుంటుంది. 2022 జూన్‌లో అది రాయదుర్గంలోని పెద్ద భవనంలోకి మారింది. ఎల్‌బీ నగర్‌లో మెట్రో ఎక్కి అమీర్‌పేటలో మారితే రాయదుర్గం చేరవచ్చు. మహిళా వ్యాపారుల కోసం 2018లో వీ-హబ్ వచ్చింది.

రెడ్‌బస్ నేర్పిన వరుస

రాత్రిపూట దిల్‌సుఖ్‌నగర్, ఎల్‌బీ నగర్‌లలో ప్రైవేటు బస్సుల కోసం నిలబడేవారికి ఆన్‌లైన్‌లో బస్సు టికెట్లు అమ్మే రెడ్‌బస్ పేరు పరిచయమే. 2005 దీపావళికి బెంగళూరు నుంచి ఇంటికి రావడానికి దాని వ్యవస్థాపకుడు ఫణీంద్ర సామకు టికెట్ దొరకలేదు. ఏ బస్సులో ఎన్ని సీట్లు మిగిలాయో ఒక ఏజెంటుకు తెలిసింది మరొకరికి తెలియదని అప్పుడు అర్థమైంది. బిట్స్ పిలానీ స్నేహితులు సుధాకర్ పసుపునూరి, చరణ్ పద్మరాజుతో కలిసి సాఫ్ట్‌వేర్ రాస్తే బస్సు యజమానులు ఆసక్తి చూపలేదు. దాంతో 2006లో టికెట్లు తామే అమ్మడం మొదలుపెట్టారు. వ్యాపారుల సంఘం టై ద్వారా అనుభవజ్ఞుల సలహా దొరికింది. 2007లో పెట్టుబడి సంస్థ సీడ్‌ఫండ్ డబ్బు పెట్టింది. 2013లో ఐబీబో గ్రూపు సంస్థను కొన్నది. 2018లో ఫణీంద్ర తెలంగాణ రాష్ట్ర చీఫ్ ఇన్నోవేషన్ ఆఫీసర్ అయ్యారు.

స్నేహితులు, గిరాకీ, మార్గదర్శకులు, పెట్టుబడి అనే నాలుగు నెట్‌వర్కులూ ఇందులో ఉన్నాయి. ఇక్కడి యువత గుర్తుపెట్టుకోవలసింది, టికెట్లు అమ్మి చూపించిన తర్వాతే పెద్ద పెట్టుబడి వచ్చిందన్న సంగతి.

గ్రూపుల్లో దాటకూడని గీతలు

వాట్సాప్ గ్రూపులో సరుకు అమ్మవచ్చు గానీ, కంపెనీ వాటాలను అందరికీ ప్రకటించి అమ్మకూడదు. 2013 కంపెనీల చట్టం ప్రకారం ప్రైవేటు కంపెనీ ఒక ఆర్థిక సంవత్సరంలో 200 మందికి మించి వాటాలు ఇవ్వజూపరాదు, అందుకు ప్రకటనలు చేయరాదు. ఆన్‌లైన్‌లో వాటాలమ్మే అనధికార వేదికల గురించి 2016లోనే మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ హెచ్చరించింది. మనుషులను చేర్పిస్తే కమిషన్ అనే గొలుసు పథకాలను 1978 చట్టం నిషేధించింది. రోజువారీ లాభం గ్యారంటీ అనే గ్రూపుల నుంచి వెంటనే బయటికి రావాలి. మోసపోయినవారు ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930 నంబరుకు ఫోన్ చేస్తే డబ్బు చేతులు మారకుండా ఆపే అవకాశం ఉంటుంది.

తెలిసినవారు చెప్పారన్న ఒక్క నమ్మకంతో డబ్బు పెట్టేవారే ఇలాంటి మోసాలకు ఎక్కువగా చిక్కుతారు. అందువల్ల పరిచయం ఎంత దగ్గరిదైనా రిజిస్ట్రేషన్, రసీదు, రాతపూర్వక ఒప్పందం అడిగి తీసుకోవాలి. అమ్మేవారికీ కొనేవారికీ, డబ్బు పెట్టేవారికీ తీసుకునేవారికీ రక్షణ ఇచ్చేది ఆ అలవాటే.