మీకు తెలుసా? తుప్పు పట్టని కారులో దాగిన తుప్పు
అమెరికాలో షెవ్రొలే సంస్థ 1953లో, మిషిగన్ రాష్ట్రంలోని ఫ్లింట్‌లో తయారుచేసిన తొలి 300 కార్వెట్ స్పోర్ట్స్ కార్లన్నీ తెల్లరంగువే; వాటి బాడీ ఉక్కుది కాదు, ఫైబర్‌గ్లాస్‌ది, అంటే గాజు పీచును రెజిన్ అనే జిగురులో తడిపి గట్టిపరచిన పదార్థంతో చేసినది. బాడీకి తుప్పు పట్టదు గనుక పాత కార్వెట్ కొనేవారికి ఆ బెడద లేదనుకోవడం పొరపాటు. 1963లో వచ్చిన కార్వెట్ స్టింగ్ రే నమూనాలో ముందు అద్దం చుట్టూ, తలుపుల పక్కన, ఫైబర్‌గ్లాస్ చాటున ‘పక్షి పంజరం’ అని వ్యవహరించే ఉక్కు చట్రం ఉంటుంది, తేమ చేరి అది తుప్పుపడితే పైకి కనిపించదు, బాగుచేయడానికి మాత్రం కారును చాలావరకు విప్పవలసి వస్తుంది.

ఆ ఏటి కూపేకు, అంటే స్థిరమైన పైకప్పు గల నమూనాకు, వెనుక అద్దం నడుమ నిలువు పట్టీ ఉండేది. చూపుకు అడ్డమని మరుసటి ఏడే దాన్ని తొలగించగా, కొందరు యజమానులు తమ పాత కార్లకూ పట్టీ తీయించి ఒకే అద్దం బిగించుకున్నారు. నేడు సేకర్తలు ఎక్కువ ధర పెట్టేది ఆ పట్టీ ఉన్న కార్లకే కావడం విచిత్రం. ఇంజిన్‌పై ముద్రించిన సంఖ్య కారు క్రమసంఖ్యతో సరిపోలినా ధర పెరుగుతుంది గనుక, పాత సంఖ్యను అరగదీసి కొత్తది ముద్రించే మోసాలూ ఈ వ్యాపారంలో లేకపోలేదు.