మొక్కజొన్న నీడలో పసుపు: రాబడి అంచనాకు ఎకరాల లెక్క చాలదు

పూర్వపు కరీంనగర్ జిల్లాలోని జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి ప్రాంతాలలోను, పూర్వపు ఆదిలాబాద్ జిల్లాలో నిర్మల్ వైపునను పసుపు ఎన్ని ఎకరాలు పడిందో తెలియగానే వర్తకులు రాబడికి లెక్క కట్టేస్తారు. ఈ లెక్క తరచు తప్పడానికి ఒక కారణం పొలంలోనే నిలబడి కనిపిస్తుంది. అదే మొక్కజొన్న.

ఇక్కడ చాలాచోట్ల పసుపు ఒంటరి పంట కాదు. జూన్‌లో దుంప నాటితే మొలక పైకి రావడానికి మూడు నాలుగు వారాలు పడుతుంది. ఆ తరువాత కూడా ఆకు విచ్చి నేలను కప్పేసరికి రెండు మూడు నెలలు గడుస్తాయి. అంతవరకు సాళ్ల మధ్య జాగా, దానిపై పడే ఎండ రెండూ వృథాయే. ఆ ఖాళీలో రైతు మొక్కజొన్న వేస్తాడు. మొక్కజొన్న నిండు ఎండ కోరే పంట. పసుపు కొంత నీడను ఓర్చుకునే మొక్క, లేత దశలో ఆ నీడ దానికి మేలే. పైన ఒకటి, కింద ఒకటిగా ఒకే భూమిలో రెండు పంటలు ఒదుగుతాయి. ఆదిలాబాద్ పత్తి చేలలో కంది సాళ్లు వేయడం కూడా ఈ కోవలోదే. అయితే అక్కడ రెండూ ఎండ కోరే పంటలే కనుక పత్తి, కంది సాళ్లను అంత దగ్గరగా ఇరికించడానికి వీలులేదు.

డబ్బు లెక్క చూస్తే రైతు పట్టుదల అర్థమవుతుంది. ఎకరానికి సుమారు 10 క్వింటాళ్ల విత్తన దుంప నేలలో పెట్టి, ఎనిమిది తొమ్మిది నెలలు ఆగాలి. మొక్కజొన్న నూరు, నూటపది రోజులలో చేతికి వస్తుంది. ఎకరానికి 15 క్వింటాళ్లే వచ్చాయనుకున్నా, 2025-26 మద్దతు ధర 2,400 రూపాయల చొప్పున 36,000 రూపాయలు. దసరా, దీపావళి నాటికి ఆ సొమ్ము అందితే అప్పు కోసం అడ్తీ గడప తొక్కే పని కొంత తగ్గుతుంది. పసుపును తొందరపడి అమ్ముకోవలసిన అగత్యమూ తగ్గుతుంది. జనవరి నుంచి యార్డుకు వచ్చే సరుకు ఉధృతిపై దీని ప్రభావం లేదనలేము.

చిక్కు వచ్చేది మోతాదు మించినప్పుడు. మొక్కజొన్న ధర బాగుందని సాళ్లు చిక్కగా వేస్తే పసుపుకు వెలుతురు అందదు, ఆకు పొడుగు సాగుతుందే తప్ప దుంప ఊరదు. పైగా మొక్కజొన్న ఎరువును, ముఖ్యంగా నత్రజనిని, విపరీతంగా లాగుతుంది. పసుపు దుంప లావెక్కేది అక్టోబరు మొదలు డిసెంబరు వరకు. ఆ సమయంలో ఆకుపై నిండుగా ఎండ పడాలి. కంకులు విరిచి, చొప్పను వెంటనే కోసిన పొలానికీ, కూలీలు దొరకక నెలరోజులు చొప్పను అలాగే వదిలిన పొలానికీ తేడా చివరకు కాటా మీద తేలుతుంది. కంకి ముదరగానే తలలు కోసి పశువులకు వేసే పాత అలవాటు మేతకోసం పుట్టిందే కావచ్చు గాని, కిందికి వెలుతురు దింపే ఉపాయం కూడా అదే.

ఇక వర్తకులు గమనించవలసినది మరొకటి ఉన్నది. గ్రామాలవారీగా పంటల విస్తీర్ణం కూడుకునేటప్పుడు అదే ఎకరం పసుపు పద్దులోను, మొక్కజొన్న పద్దులోను నిండుగా పడితే రెండు అంచనాలూ ఉబ్బుతాయి. నిజామాబాద్ యార్డు సరుకునేగాక వాయిదా బజారును కూడా చూసి లావాదేవీలు చేసేవారికి ఈ పొరపాటు ఖరీదైనది.

సెప్టెంబరు ఆఖరున గ్రామాలకు మనుషులను పంపేవారు ఎన్ని ఎకరాలు అని అడిగి ఊరుకోకుండా, ఎన్ని పసుపు సాళ్లకు ఒక మొక్కజొన్న సాలు ఉన్నదో, చొప్ప ఎప్పుడు తీస్తారో కూడా అడిగించడం మంచిది. నీరు నిలిచే పల్లపు చేలను మాత్రం విడిగా రాసుకోవాలి. దుంపకుళ్లు సోకిన చోట ఎండ ఎంత పడినా కలిసివచ్చేది లేదు.