మొండితనము వెనుక

"మావాడు వట్టి మొండి" యని మన మెంత తేలికగా ననుచుందుము! ఆ మాటతో విచారణ ముగిసినట్లే. ఇక మిగిలినది బెత్తము. సామ దాన భేద దండములని వరుస జెప్పిన పెద్దలు దండమును కడపట నుంచిరి. మన యిండ్లలో నదియే మొదటి దగుచున్నది.

బడిపంతులుగారి యిల్లగుటచే మా కడకు వచ్చి తల్లులు చెప్పుకొను మాటలలో తఱచుగ వినునది కడుపునొప్పి. ఆదివారమంతయు నాడుకొనిన పిల్ల సోమవారము బడివేళకు కడుపు పట్టుకొని కూలబడును. 10 గంటలు దాటగనే నొప్పి మాయము! దొంగవేషమని యింటివారు కోపింతురు. కాని భయము పట్టిన బిడ్డకు కడుపులో నిజముగనే నొప్పి పుట్టును. ముందు వైద్యునికి జూపుడు. వేఱు రోగము లేదని తేలినపిమ్మట, ఏ దినమున, ఏ పాఠమునాడు, ఎవరి ప్రక్క గూర్చున్ననాడు వచ్చుచున్నదో రెండు వారములు చీటిపై వ్రాసి చూడుడు. లెక్కల పాఠమో, పెద్దపిల్లల వెక్కిరింతయో, బడి మరుగుదొడ్డికి గడియ లేకపోవుటయో బయటపడవచ్చును. అపుడు పంతులుగారితో మాటలాడి, బడి పూర్తిగ మాన్పింపక, మెల్లగ నలవాటు చేయవలయును. పంతులుగారి బెత్తమే కారణమైనచో వెనుదీయ నక్కఱలేదు: బడిలో గొట్టుటను, మనసు నొప్పించుటను 2009వ సంవత్సరపు విద్యాహక్కు చట్టము నిషేధించినది.

పిలిచిన బలుకని బిడ్డకు చెవులు, పుస్తకము విసరికొట్టు బిడ్డకు కన్నులు మొదట పరీక్ష చేయింపుడు. ఈడుపిల్లలకంటె మిక్కిలి నిలుకడలేమి యింటను బడిలోను గూడ 6 నెలలకు పైగ నున్నచో పిల్లల వైద్యుని యడుగవలసినదే.

ఎదిగిన పిల్లల సంగతి వేఱు. ఎదురాడు పిల్లవానిని జూచి మేమంతగ వెఱవము. వాడింకను మనతో మాటలాడుచునే యున్నాడు గదా! మాట లుడిగి, నిద్రాహారములు మాఱి, స్నేహితులను విడిచి, ప్రియమైన యాటపాటలందును రుచి చెడి రెండు వారములు గడచినచో నుపేక్షింపరాదు. 10 మొదలు 19 ఏండ్లలోపువారిలో నేడుగురి కొకరు మానసిక వ్యాధితో బాధపడుచున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది.

"చచ్చిపోదును" అను మాట వినబడినచో బెదిరింపని కొట్టివేయక, ప్రక్కన గూర్చుండి సూటిగ నడుగుడు. అడిగినంతమాత్రమున నా తలంపు పుట్టదు. పురుగులమందును, మాత్రలను అందకుండ దాచి, బిడ్డను ఒంటరిగ విడువక, 14416కు ఫోను చేయుడు. భారత ప్రభుత్వము 2022లో నెలకొల్పిన యీ టెలీ మానస్ సేవ రేయింబవళ్లు నుచితము, తెలుగుననే మాటలాడవచ్చును. బిడ్డ పలుక నొల్లనిచో తల్లియే పిలిచి యడుగవచ్చును.